మినిట్స్ పుస్తకంలో ఎక్కనివి

సమావేశం ఆరున్నరకి మొదలైందని రాశాను.
హాజరు నాలుగు వందల పంతొమ్మిది.
బయట ఓక్పో రేవు మీద సన్నటి మంచువాన,
లోపల హీటరు పాడైంది.
అదీ రాశాను, ఏడో అంశంగా.

మొదటి అంశం: చేతి తొడుగు.
కంపెనీవాళ్లు బల్ల మీద పెట్టి వెళ్లారు.
నల్లటిది. వేళ్ల కణుపు కణుపుకీ ఒక చిన్న కన్ను.
మూడు నెలలు తొడుక్కుని వెల్డింగ్ చేస్తే చాలట,
మణికట్టు ఎటు వాలుతుందో, ఎక్కడ ఆగుతుందో
అంతా మరచేతికి వచ్చేస్తుందట.
నెలనెలా భత్యం.

చేయి తిరిగిన మనిషి అంటారే,
ఆ తిరగడాన్ని కొలిచి పట్టుకుపోయే సంచీ.

ఓక్ మల్సుక్ లేచింది.
మల్ అంటే చివరిది.
ఐదో ఆడపిల్ల పుట్టాక, ఇక చాలని పెట్టిన పేరు.
గ్యాసు ఓడల కడుపులో ఇరవయ్యారేళ్లు.
ముప్పావు మిల్లీమీటరు రేకు,
అరచేతి చెమట తగిలితే తుప్పు పట్టే రకం.
అందుకని ఎప్పుడూ రెండేసి నూలు తొడుగులు.
ఆమె చేతిగీతలు ఏ ఓడా చూడలేదు.

"మర మీద నాకు పగ లేదు.
పాకి పాకి మోకాలిచిప్ప అరిగింది,
ఇక దాన్ని పాకనివ్వండి.
మా అమ్మ చేపలమ్మేది.
కరిగిన చుక్క తాజా చేప కన్నులా ఉండాలి,
మసకబారిందా, చెయ్యి వెనక్కి.
అది చూసేది చెయ్యి కాదు కదా,
తొడుగులో ఎలా పడుతుంది?
సరే, పడిందే అనుకుందాం.
నేర్పినందుకు ఏమిస్తారు?"

భత్యం ఉందిగా అన్నాడు అధ్యక్షుడు.

"అది తొడుగు మోసినందుకు.
నేర్పినందుకు?"

సభ్యురాలు వివరణ కోరారు, అని రాశాను.

తలుపు దగ్గర షెర్జోద్, చంకలో హెల్మెట్.
ఫెర్గానా నుంచి వచ్చాడు. ఉపకాంట్రాక్టు మనిషి.
అతుకు వేసేది మా ఓడలకే,
మా సభలో మాత్రం చెయ్యెత్తకూడదు.
ఏడాదిగా మల్సుక్ వెనక గొంతుక్కూచుని
ఆమె భుజం మీదుగా పని చూస్తున్నాడు.
"ముందు వీళ్లొచ్చి రేటు కోశారు, ఇప్పుడు మర"
అన్నారెవరో వెనక వరసలోంచి.
రాయలేదు.
అన్నది మా తమ్ముడు.

మల్సుక్ వెనక్కి తిరిగింది.
"మనలో యాభై దాటనివాళ్లు ఎంతమంది?
చేతులెత్తండి."

పదకొండు.

ఆ లెక్క ఎజెండాలో లేదు గనక
పుస్తకంలోనూ లేదు.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు,
రెండొందల దగ్గులు తప్ప.
ఎత్తిన పదకొండు చేతుల వెనక, తలుపు దగ్గర,
హెల్మెట్ కిందికి జారి మళ్లీ చంకలోకి వెళ్లడం
నేనొక్కణ్ణే చూశాననుకుంటాను.

తొడుగుకి అనుకూలం రెండొందల ముప్పై,
వ్యతిరేకం నూట ఎనభై ఒకటి, ఎనిమిది ఖాళీ చీటీలు.
షరతు: నేర్పిన చెయ్యి పేరు రికార్డులో ఉండాలి,
మర చేసిన ప్రతి గజానికీ ఆ పేరు మీద వాటా పడాలి.
వాటా ఎంతన్నది తర్వాత.
షెర్జోద్ లాంటివాళ్ల సభ్యత్వం వాయిదా.

ఏప్రిల్లో, రెండో ట్యాంకులో మరచేయి దిగింది.
బాగా చేస్తోంది. అబద్ధమెందుకు, చాలా బాగా చేస్తోంది.
కానీ జానెడుకోసారి రెప్పపాటు ఆగుతోంది.
ఇంజనీర్లు రెండు రోజులు వెతికారు.
పొరపాటేమీ దొరకలేదు.
మల్సుక్ వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"అక్కడ నేను ఎడమ మోకాలి మీంచి
కుడి మోకాలి మీదకి మారతాను."

మోకాలు లేనిదానికి మోకాలి నొప్పి.

పక్క గోడ దగ్గర షెర్జోద్ పనిచేస్తున్నాడు.
ఇరవై నాలుగేళ్లవాడు, గట్టి మోకాళ్లు.
జానెడు అతుకు వేశాడు,
ఆగాడు,
మళ్లీ మొదలెట్టాడు.

మే నెల సమావేశం: సభ్యత్వం అంశం మళ్లీ వాయిదా.
హీటరు బాగైంది, ఎండలొచ్చాక.
రెండూ రాశాను.
కింద కొంచెం ఖాళీ మిగిలితే
పెన్సిల్‌తో, చెరపడానికి వీలుగా,
రెండు పేర్లు పక్కపక్కన రాసి
పుస్తకం మూశాను.